పైలట్ల పంచాయితీకి పెద్దమనిషిని ఎవరు పెట్టారు?

ఎయిర్ కెనడా పైలట్ల మీద మేం రాసుకుంటున్న నోట్సు చూసి, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల సంఘంలో పనిచేసే అన్న ఒకరు నవ్వారు. "విమానం నడిపేటోళ్లకు లక్షలకు లక్షలు జీతాలు. వాళ్ల లొల్లితోని మనకేం పని?" అన్నారు. సబబైన ప్రశ్నే. పెద్ద విమానం నడిపే కెప్టెన్‌నూ, తెల్లవారకముందే చీపురు పట్టే కాంట్రాక్టు కార్మికురాలినీ ఒకే వాక్యంలో పెట్టడానికి మాకూ ఇబ్బందిగానే ఉంది. కానీ వాళ్ల జీతం ఎంత అన్నది పక్కన పెట్టి, వాళ్ల సమ్మెను ఏ చట్టంతో, ఏ మాట చెప్పి ఆపారో చూస్తే ఆ దారి మన వాడల దాకా వస్తుంది. ఈ వ్యాసం ఆ దారి గురించి.

ఊళ్లో పాలేరుకూ ఆసామికీ జీతం దగ్గర పేచీ వస్తే పెద్దమనుషుల్లో పెట్టడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. అరుగు మీద ఎవరు కూర్చున్నారో, కింద ఎవరు నిలబడ్డారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పంచాయితీలో తేలాల్సింది జీతం ఒక్కటే అయినా, దానికి ముందే కొన్ని సంగతులు తేలిపోయి ఉండేవి. పెద్దమనుషుల్ని పిలిచింది ఎవరు? వాళ్లు ఏ కొలత పెట్టుకుని తీర్పు చెప్తారు? తీర్పు నచ్చకపోతే పాలేరు పని మానేసి వెళ్లిపోగలడా? ఈ మూడింటికీ జవాబు ఆసామి వైపే ఉంటే, తీర్పు చెప్పేవాడు ఎంత ధర్మాత్ముడైనా ఫలితం మారదు. యాజమాన్యమూ యూనియనూ తేల్చుకోలేని జీతాల ఒప్పందాన్ని మూడో మనిషి చేతిలో పెట్టి, అతను చెప్పినదానికి ఇద్దరూ కట్టుబడాలనే పద్ధతినే బైండింగ్ ఆర్బిట్రేషన్ అంటారు. అదీ పెద్దమనుషుల పంచాయితీయే, కాకపోతే చట్టం రాసిన పంచాయితీ.

ఇక్కడ చిన్న తేడా గుర్తుపెట్టుకోవాలి. ఉన్న ఒప్పందాన్ని ఉల్లంఘించారన్న ఫిర్యాదు మీద తీర్పు చెప్పడం ఒకటి, అది దాదాపు కోర్టు పనే. అసలు రేపటి ఒప్పందంలో ఏముండాలో మూడో మనిషి రాసిపెట్టడం ఇంకొకటి. గొడవంతా రెండో దాని మీదే. ఎందుకంటే బేరం కుదరకపోతే పని ఆపుతామనే బెదిరింపు తప్ప కార్మికుల చేతిలో వేరే ఆయుధం లేదు. ఆర్బిట్రేషన్ మొదలైందంటే ఆ ఆయుధం కింద పెట్టినట్టే.

2011లో ఎయిర్ కెనడా పైలట్లు తమ సంఘం నాయకులు కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని ఓటు వేసి తిరగ్గొట్టారు. కంపెనీ తక్కువ ఖర్చుతో నడిచే కొత్త విమాన సంస్థ పెడతానంది. అందులో పైలట్ల జీతాలూ షరతులూ తక్కువ. ఒకే కంపెనీ నీడన రెండు రకాల పైలట్లు తయారవుతారన్నది వాళ్ల భయం. మళ్లీ చర్చలు మొదలయ్యాయి, తెగలేదు. 2012 మార్చిలో కంపెనీ లాకౌట్ నోటీసు ఇచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ వారం పైలట్లను బయటికి నెట్టి గేటు మూస్తానన్నది యాజమాన్యం. సమ్మె నోటీసు ఇచ్చింది విమానాల మెకానిక్కులూ సామాన్లు ఎత్తే కార్మికులూ ఉన్న వేరే యూనియన్.

పాఠశాలలకు సెలవులిచ్చే వారం అది. ప్రజలు ఇబ్బంది పడతారు, దేశ ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుంది అంటూ అప్పటి కన్జర్వేటివ్ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే పార్లమెంటులో చట్టం తెచ్చింది. దాని పేరు విమాన సేవల పరిరక్షణ చట్టం. సమ్మె చెల్లదు, లాకౌట్ చెల్లదు, ఆర్బిట్రేటర్ చెప్పిందే ఒప్పందం. ఇద్దర్నీ సమానంగా ఆపినట్టే కనిపిస్తుంది. కానీ లాకౌట్ ఆగితే కంపెనీ పాత జీతాలకే విమానాలు నడుపుకుంటుంది. సమ్మె ఆగితే కార్మికుల చేతిలో ఏమీ మిగలదు.

ఆ చట్టం పెట్టిన పద్ధతిని ఫైనల్ ఆఫర్ ఆర్బిట్రేషన్ అంటారు. దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మామూలు ఆర్బిట్రేషన్‌లో యూనియన్ 10 శాతం పెంచమంటే, కంపెనీ 2 శాతమంటే, తీర్పు చెప్పేవాడు 6 దగ్గర ముడి వేస్తాడు. ఈ సంగతి తెలిసిపోయాక మరుసటిసారి యూనియన్ 16 అడుగుతుంది, కంపెనీ సున్నా అంటుంది. ఎలాగూ మధ్యలో కోస్తారు కదా, ముందే ఎందుకు తగ్గడం? అలా అసలు బేరమే చచ్చిపోతుంది. దీనికి విరుగుడుగా 1960లలో అమెరికా ఆర్థికవేత్తలు ఒక ఉపాయం చెప్పారు. రెండు వైపులా తమ చివరి ప్రతిపాదన రాసివ్వాలి. ఆర్బిట్రేటర్ ఆ రెండింట్లో ఒకదాన్ని మొత్తంగా ఎంచుకోవాలి, మధ్యలో కోయకూడదు. అతిగా అడిగినవాడు ఓడిపోతాడు కాబట్టి ఇద్దరూ దగ్గరికి వస్తారని లెక్క. అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాలు 1974 నుంచి ఇలాగే తేలుతున్నాయి.

బేస్‌బాల్‌లో తేలాల్సింది ఒక ఆటగాడి ఏడాది జీతం, అంటే ఒకే ఒక్క అంకె. పైలట్ల ఒప్పందం వందల పేజీలు. డ్యూటీ గంటలు, పెన్షన్, సీనియారిటీ, ఏ విమానం ఎవరు నడపాలి, కొత్త సంస్థ పెట్టవచ్చా లేదా, అన్నీ ఒకే మూటలో ఉంటాయి. జీతం సంగతిలో కంపెనీ మాట సబబనిపించి, కొత్త సంస్థ సంగతిలో పైలట్ల మాట సబబనిపిస్తే ఆర్బిట్రేటర్ ఏం చేయాలి? ఏమీ చేయలేడు. మూట మొత్తం ఎత్తుకోవాలి, లేదా మొత్తం వదిలేయాలి.

అంతకంటే ముఖ్యమైనది కొలత. ఆర్బిట్రేటర్ దేన్ని చూసి నిర్ణయించాలో ఆ చట్టమే రాసిపెట్టింది. ఇతర విమాన సంస్థల్లో ఉన్న షరతులతో పొంతన ఉండాలి, కంపెనీ ఇప్పుడూ ముందు ముందూ లాభసాటిగా పోటీలో నిలబడేలా వెసులుబాటు ఉండాలి, పెన్షన్ నిధి నిలబడాలి. పైలట్లకు ఏది న్యాయం అన్న కొలత అందులో కనిపించదు. పాలేరు జీతం తేల్చేటప్పుడు ఆసామి వ్యవసాయం గిట్టుబాటు కావడమొక్కటే చూడండి అని పెద్దమనుషులకు ముందే చీటీ పంపితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

2012 జూలై చివర్లో ఆర్బిట్రేటర్ డగ్లస్ స్టాన్లీ కంపెనీ మూటనే ఎంచుకున్నారు. ఐదేళ్ల ఒప్పందం. కొత్త సంస్థకు దారి తెరుచుకుంది. ఎయిర్ కెనడా రూజ్ పేరుతో 2013 జూలైలో దాని విమానాలు ఎగిరాయి. ఓటు వేసి తిరగ్గొట్టినదే తీర్పు రూపంలో వచ్చి పైలట్ల మీద కూర్చుంది. స్టాన్లీ గారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ చట్టం చేతికిచ్చి కూర్చోబెడితే ఇంకెవరైనా అటే మొగ్గేవారని మా అంచనా.

ఆ తర్వాత కెనడాలో గాలి మారింది. 2015 జనవరి 30న సస్కాచ్వాన్ కార్మిక సమాఖ్య కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు, సమ్మె హక్కు రాజ్యాంగం రక్షించే హక్కేనని తీర్పు ఇచ్చింది. సమ్మె లేని సామూహిక బేరసారాలకు అర్థం లేదన్నది ఆ తీర్పు సారం. నిజంగా అత్యవసరమైన సేవల్లో సమ్మెను కట్టడి చేయాల్సి వస్తే, బదులుగా నిష్పక్షపాతమైన వేరే ఏర్పాటు ఉండాలి. ఆర్బిట్రేషన్‌కు ఆ తీర్పులో చోటుంది, కానీ అది సమ్మెను తీసేసుకున్నందుకు చెల్లించాల్సిన బదులు. సమ్మె విరగ్గొట్టే కర్రగా దాన్ని వాడుకోకూడదు.

కట్టుబడే తీర్పు ఎప్పుడూ కార్మికులకు చెరుపే అని మేం అనడం లేదు. వెస్ట్‌జెట్ పైలట్లను చూడండి. 2017లో యూనియన్ పెట్టుకున్నారు. 2018 మేలో 91 శాతం మంది సమ్మెకు ఓటేశారు. అక్కడా పేచీ స్వూప్ అనే చౌక సంస్థ గురించే. సమ్మెకు దిగకుండా, చర్చలు తెగకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్దామని ఇరువైపులా ఒప్పుకున్నారు. ఎవరూ నెట్టలేదు. ఆ ఏడాది డిసెంబరులో వాళ్ల మొదటి ఒప్పందం అలా వచ్చింది. కొత్త యూనియన్‌కు మొదటి ఒప్పందం దొరకడమే గండం కాబట్టి అప్పటికి అది తెలివైన పనే అనిపిస్తుంది. కానీ 2023 మేలో అదే పైలట్లు సమ్మె గడువు ముంగిట నిలబడి బేరమాడారు. నాలుగేళ్లలో 24 శాతం పెంపు వచ్చింది. స్వూప్ పైలట్లు కూడా అదే ఒప్పందం కిందికి వచ్చారు, కొన్ని నెలలకే స్వూప్ మూతపడి మాతృసంస్థలో కలిసిపోయింది.

2024లో ఎయిర్ కెనడా వంతు మళ్లీ వచ్చింది. 5,200 మందికి పైగా పైలట్లు, 98 శాతం ఓట్లతో సమ్మెకు అనుమతి. కంపెనీ, దాని వెంట వ్యాపార సంఘాలు, ప్రభుత్వం కలగజేసుకుని ఆర్బిట్రేషన్‌కు పంపాలని గట్టిగా అడిగాయి. కొద్ది వారాల ముందే, ఆగస్టులో, అదే ప్రభుత్వం రైల్వే కార్మికులను అలా పంపి ఉంది. ఈసారి మాత్రం ప్రధాని ట్రూడో ఆ పని చేయలేదు, మీరే తేల్చుకోండన్నారు. సిద్ధాంతం మారిందనుకోవద్దు. ఆయనది మైనారిటీ ప్రభుత్వం. రైలు కార్మికుల వ్యవహారం తర్వాత, సెప్టెంబరు 4న ఎన్డీపీ ఆయనకు మద్దతు ఒప్పందం తెంచేసుకుంది. తలుపు మూసేసరికి కంపెనీ బల్ల దగ్గరికి వచ్చింది. సెప్టెంబరు 15న ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లలో మొత్తం మీద దాదాపు 42 శాతం పెంపు. అదే కంపెనీ, అదే పైలట్ల ఉద్యోగం. 2012లో ప్రభుత్వం మధ్యలో దూరింది, 2024లో దూరలేదు.

అయితే ఆ ఒప్పందానికి ఓటేసింది 67 శాతమే. మూడో వంతు ఎందుకు కాదన్నారు? కొత్తగా చేరినవాళ్ల పేచీ అందులో పెద్దది. మొదటి ఏళ్లలో తక్కువ ఫిక్స్‌డ్ జీతం మీద పనిచేసే పద్ధతి వాళ్లకు మంటగా ఉండేది. ఇది కార్మిక సంఘాల పాత జబ్బు. బల్ల దగ్గర కూర్చునేది సీనియర్లు, కడుపు కాలేది బల్ల దాకా రాని వాళ్లకు. మనకు ఇది వేరే రూపంలో బాగా తెలుసు. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలోకి అంటరానివారిని రానిచ్చేవారు కాదు, ఎందుకంటే కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో పీల్చాలి. జీతం ఎక్కువుండే ఆ పని సవర్ణులకే. 1928 మిల్లు సమ్మె కాలంలో బాబాసాహెబ్ ఈ ప్రశ్నే లేవనెత్తారు. కార్మిక ఐక్యత పేరుతో దీన్ని దాటవేయడానికి ఆయన ఒప్పుకోలేదు.

అలాగని యూనియన్ల మీద కోపంతో సమ్మె హక్కును ఆయన వదులుకోలేదు. అంబేడ్కర్ రచనల్లో మనవాళ్లు తక్కువగా చదివే భాగం ఇదని మాకు అనిపిస్తుంది. 1938లో బొంబాయి కాంగ్రెస్ ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. పేచీ వస్తే ముందు తప్పనిసరిగా రాజీ ప్రక్రియకు వెళ్లాలి, అది ముగియకుండా సమ్మె చేస్తే నేరం, జైలు. కెనడా చట్టానికి ఇది తాత లాంటిది. సెప్టెంబరులో బొంబాయి శాసనసభలో అంబేడ్కర్ దాన్ని చీల్చి చెండాడారు. ఆయన వాదన న్యాయవాది వాదన. కొలువు ఒక ఒప్పందం, సమ్మె ఆ ఒప్పందాన్ని తప్పడం, అంతే. ఒప్పందం తప్పినవాడి మీద నష్టపరిహారం దావా వేసుకోవచ్చు. దాన్ని నేరంగా మార్చి, జైలు భయం పెట్టి ఇష్టం లేని పని చేయిస్తే దానికి బానిసత్వమనే పేరు. స్వేచ్ఛ హక్కు ఉందంటే సమ్మె హక్కు ఉన్నట్టే అన్నారు. నవంబరు 7న ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒకరోజు సమ్మె చేశారు. ఒకరి మీద ఒకరికి ఎంత అనుమానమున్నా ఆ రోజు ఒకే మైదానంలో నిలబడ్డారు.

వెట్టి తెలిసిన సమాజం నుంచి వచ్చిన మనిషికి ఆ బిల్లులో బానిసత్వం కనిపించింది. మిగతావాళ్లకు అందులో కనిపించింది పారిశ్రామిక శాంతి.

ఇంకో సంగతీ దాచకూడదు. 1942 జూలైలో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. అప్పటికే, ఆ ఏడాది జనవరిలో, యుద్ధకాలపు డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 81-ఎ వచ్చి ఉంది. దాని కింద ప్రభుత్వం పేచీని తీర్పుకు పంపి సమ్మెను ఆపవచ్చు. ఆ యుద్ధకాలమంతా ఆయన శాఖ కిందే ఆ నిబంధన నడిచింది. 1938 ప్రసంగాన్నీ దీన్నీ ఎలా కలిపి చదవాలన్నది మాలో మాకే తెగని చర్చ. ఆ యుద్ధకాలపు పద్ధతి యుద్ధంతో పోలేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోకి ఎక్కింది. పేచీని ట్రిబ్యునల్‌కు పంపాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం, పంపితే సమ్మె ఆగాలి. ఇరువైపులా ఒప్పుకుని ఆర్బిట్రేటర్‌ను పెట్టుకునే 10-ఎ సెక్షన్ 1956లో చేరింది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఏ సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మె కుదరదు. అవి విఫలమయ్యాక ఇరువైపులా ఎవరైనా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, అక్కడ కేసు నడుస్తున్నంత కాలమూ, ముగిశాక 60 రోజులూ సమ్మె చేయకూడదు. అంటే కంపెనీయే ఒక దరఖాస్తు పడేసి సమ్మెకు తాళం వేయవచ్చు. సగం మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మెగానే లెక్క. తప్పితే జరిమానా, జైలు కూడా.

కెనడా పాలకులకు ఇప్పుడు పార్లమెంటు దాకా కూడా వెళ్లే పని లేదు. అక్కడి కార్మిక చట్టంలో 107 అనే సెక్షన్ ఉంది, దాని కింద మంత్రి ఒక్క ఆదేశం ఇస్తే చాలు. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా ఫ్లైట్ అటెండెంట్లు పది వేల మందికి పైగా సమ్మెకు దిగారు. విమానం కదలకముందు చేసే పనికి, ప్రయాణికుల్ని ఎక్కించడం దగ్గర్నుంచి, జీతం లేదన్నది వాళ్ల మొర. వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పైలట్లకు 2024లో వదిలిపెట్టిన బేరాన్ని వీళ్లకు 12 గంటలు కూడా వదల్లేదు. అదే రోజు మంత్రి ఆదేశం వచ్చింది: పనిలోకి రండి, ఆర్బిట్రేషన్‌కు వెళ్లండి. వాళ్లు వెళ్లలేదు. సమ్మె చట్టవిరుద్ధమని బోర్డు ప్రకటించింది. యూనియన్ నాయకులు జైలుకైనా సిద్ధమన్నారు. 19 తెల్లవారేసరికి ఒప్పందం కుదిరింది, నేల మీద చేసే పనికి కొంత జీతం దక్కింది. ఆ తర్వాత జీతాల పెంపు భాగాన్ని సభ్యులు 99.1 శాతం ఓట్లతో తిరస్కరించారు. మళ్లీ సమ్మె చేయబోమని ముందే ఒప్పుకోవడం వల్ల ఆ ఒక్క భాగమూ ఆర్బిట్రేషన్ దారి పట్టింది.

మన దగ్గర పైలట్ సీటు ఇంకా చాలా దూరం. శిక్షణకు లక్షల్లో ఖర్చు. ఎయిర్ ఇండియా ప్రభుత్వ చేతిలో ఉన్నన్నాళ్లూ నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉండేది. 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లాక ఆ బాధ్యత పోయింది. కాబట్టి మన పోరాటం ఎక్కువగా నేల మీదే. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ అక్కల మీద ఎస్మా ప్రయోగించింది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు వాళ్లు ఉద్యోగులు కారు, సమ్మె చేసేటప్పుడు మాత్రం అత్యవసర సేవ.

ఇదంతా విన్నాక మా అన్న అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "సరే, పెద్దమనిషిని పెట్టమని మనమే అడిగితే?" అని. అడిగారు. 2019లో తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48,000 మంది కార్మికులు అక్టోబరు 5 నుంచి సమ్మె చేశారు. నవంబరులో హైకోర్టు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని ప్రతిపాదించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పేచీని లేబర్ కోర్టుకు పంపాలో లేదో తేల్చే పనిని హైకోర్టు కార్మిక శాఖ కమిషనర్‌కు వదిలేసింది. 52 రోజుల తర్వాత యూనియన్లు సమ్మె విరమించాయి. డ్యూటీ ఎక్కడానికి డిపోలకు వెళ్లిన కార్మికుల్ని మూడు రోజులు గేటు బయటే నిలబెట్టారు. లోపలికి రానిచ్చాక, యూనియన్ల స్థానంలో డిపోకో సంక్షేమ కమిటీ పెట్టారు.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా నోట్సులోని ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. వచ్చే నెల వాళ్ల సంఘం జనరల్ బాడీ ఉందట, 14 రోజుల నోటీసు సంగతి అక్కడ చెప్పాలట.